చలివేంద్రం పెట్టే ట్రస్టు ప్రభుత్వ విధానాల మీద కూడా ఖర్చు పెట్టాలంటే ఎలా

ఆమధ్య ఒక మార్చి ఆఖరున ఖాతాలు మూసేటప్పుడు మా ట్రస్టు ట్రెజరర్ గారు పాత పద్దు పుస్తకాలన్నీ ముందేసుకుని తొమ్మిదేళ్ళ మజ్జిగ ఖర్చు కూడారు. ఆయన ఎల్‌ఐసీలో చేసి రిటైరైన మనిషి, కూడికలంటే సరదా. పెరుగు, కుండలు, ఐసు, తాటాకు పందిరి, పోసే మనిషికి కూలి, అన్నీ కలిపి పదకొండు లక్షల అరవై వేలు. "సెక్రటరీ గారూ, తొమ్మిదేళ్ళుగా అదే మూల మీద పోస్తున్నాం కదండీ, ఆ మూలకి ఇంతవరకు ఒక్క కుళాయి రాలేదు. మనం ఎవరినైనా ఎప్పుడైనా అడిగామా?" అన్నారు. అడగలేదు. అసలు అడగాలన్న ఆలోచనే రాలేదు, ఎందుకంటే మా దృష్టిలో ట్రస్టు అంటే ఇచ్చేదే గానీ అడిగేది కాదు.

ఇది రాస్తున్నది మాలాంటి చిన్న ట్రస్టుల కోసం. బెజవాడలోనో గుంటూరులోనో తాతగారి పేరు మీద పెట్టుకున్నవి, ఏడాదికి ఐదు నుంచి యాభై లక్షల దాకా ఖర్చు పెట్టేవి, కళ్ళజోళ్ళు, స్కూలు బ్యాగులు, అన్నదానం చేసేవి. పెద్ద పెద్ద ఫౌండేషన్లు విధానాల మీద డబ్బు ఎందుకు పెడతాయో మొదట చెప్తాను, తర్వాత మనం ఎలా చేయాలో వరసగా చెప్తాను. ఇందులో కొన్ని మేం చేసి చెడగొట్టుకున్నవే.

ఎందుకు అన్నదానికి జవాబు మన బెజవాడలోనే ఉంది, అమెరికాలోని ఫోర్డు, రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ల దాకా పోనక్కర్లేదు. మీ ఇంటి పన్ను నోటీసు తీసి చూడండి, అందులో లైబ్రరీ సెస్సు ఉంటుంది, రూపాయి పన్నుకి 8 పైసలు. ఐదు వేల పన్ను మీద నాలుగు వందలు. ఇది ఎక్కడి నుంచి వచ్చింది? 1914లో బెజవాడ రామమోహన గ్రంథాలయంలో ఊరూరి నుంచీ గ్రంథాలయాల వాళ్ళు సభ పెట్టుకుని ఒక సంఘం కట్టారు, అయ్యంకి వెంకటరమణయ్య గారు దానికి వెన్నెముక. అప్పటికి గ్రంథాలయాలన్నీ దాతల పుస్తకాలతో, చందాలతో నడిచేవే. వాళ్ళు అక్కడితో ఆగకుండా దశాబ్దాల పాటు తిరిగి, రాసి, అడిగి, గ్రంథాలయాలు ప్రభుత్వ బాధ్యత అన్న మాటను నిలబెట్టారు. 1948లో మద్రాసు చట్టం, 1960లో ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయాల చట్టం వచ్చాయి. ఒక దాత ఎన్ని బీరువాల పుస్తకాలు ఇచ్చినా ఆయన తర్వాత చెదలు పడతాయి. ఈ సెస్సు మాత్రం మీరూ నేనూ ఇవాళ్టికీ కడుతున్నాం. (కట్టిన సెస్సు అంతా సరిగ్గా గ్రంథాలయాలకి చేరుతోందా అన్నది వేరే గొడవ, కానీ అదీ పోరాడాల్సిన విషయమే, దాని గురించి చివర్లో.)

ఎండ సంగతే తీసుకోండి. 2010 మే నెలలో అహ్మదాబాద్‌లో వడగాడ్పులకి, మామూలుగా ఆ నెలలో చనిపోయేవాళ్ళ కంటే పదమూడు వందల మందికి పైగా ఎక్కువ పోయారు. అప్పుడు అక్కడి కార్పొరేషన్, గాంధీనగర్ ప్రజారోగ్య సంస్థ, విరాళాలతో నడిచే ఒక అమెరికా పర్యావరణ సంస్థ కలిసి కూర్చుని 2013లో ఎండల ప్రణాళిక ఒకటి తయారుచేశాయి. అందులో ఏముంది? రంగుల హెచ్చరికలు, ముందురోజే ఫోన్ మెసేజీలు, ఆసుపత్రి సిబ్బందికి శిక్షణ, తాగునీటి పాయింట్లు. కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదు, ఎవరు ఏ రోజు ఏం చేయాలో కాగితం మీద రాసుకున్నారు, అంతే. ఆ తర్వాత చేసిన అధ్యయనంలో ఏడాదికి వెయ్యికి పైగా మరణాలు తగ్గాయని తేల్చారు. మన రాష్ట్రంలో 2015 వేసవిలో వడదెబ్బకి పోయినవాళ్ళు ప్రభుత్వ లెక్కల్లోనే వెయ్యి దాటారు, ఆ ఏడాది కూడా మేం మజ్జిగ పోస్తూనే ఉన్నాం. ఎన్ని చలివేంద్రాలు పెడితే ఆ లెక్క తగ్గుతుంది చెప్పండి? మన రూపాయి చిన్నది, ప్రభుత్వం రూపాయి చాలా పెద్దది. మన చిన్న రూపాయితో ఆ పెద్ద రూపాయిని సరైన దారికి తిప్పగలిగితే లాభం మన పద్దు పుస్తకంలో పట్టదు. ఫౌండేషన్లు అడ్వకసీకి, అంటే విధానాలు మార్చమని అడిగే పనికి, డబ్బు ఇచ్చేది ఇందుకే, ఇందులో పెద్ద రహస్యం ఏమీ లేదు.

సరే, ఇక పని.

మొదట మీ ట్రస్టు డీడ్ బయటికి తీయండి. చాలామంది రిజిస్ట్రేషన్ రోజు తర్వాత దాన్ని చూసి ఉండరు. ఆశయాల పేజీలో విద్య, వైద్యం, పేదల సహాయం అని ఉంటుంది, చివర్లో "సామాన్య ప్రజోపయోగమైన ఇతర కార్యక్రమాలు" అన్న అర్థం వచ్చే వాక్యం ఉందో లేదో చూడండి. ఆదాయపు పన్ను చట్టం ధర్మకార్యం కింద లెక్కేసే వాటిలో అదీ ఒకటి. మా ట్రస్టీల్లో ఒకాయన "ఇది రాజకీయం కదండీ, ట్రస్టు రిజిస్ట్రేషన్ పోతుంది" అని రెండు మీటింగులు అడ్డం కూర్చున్నారు. భయం అర్థం చేసుకోదగ్గదే, కానీ గీత ఎక్కడుందో తెలిస్తే భయం సగం పోతుంది. పార్టీకి పైసా ఇవ్వకూడదు, అభ్యర్థికి ఇవ్వకూడదు, ఎన్నికల్లో ఫలానా వాళ్ళకి ఓటేయండి, వేయకండి అనకూడదు. ఈ గీతకి ఇవతల ప్రభుత్వాన్ని సమాచారం అడగడం, ఉన్న చట్టం అమలు చేయమనడం, ముసాయిదా మీద అభిప్రాయం రాయడం, పరిశోధన చేసి ప్రచురించడం అన్నీ మామూలు పౌరులు చేసే పనులే. అమెరికాలో కూడా ఇలాంటి గీతే ఉంది. 1969 నుంచి అక్కడి ప్రైవేటు ఫౌండేషన్లు ఫలానా బిల్లు పాస్ చేయించమని డబ్బు కేటాయించడానికి వీల్లేదు, కానీ పరిశోధనకీ, ప్రజలకి తెలియజెప్పడానికీ ఇవ్వొచ్చు.

విదేశీ విరాళాలు తీసుకునే ట్రస్టు అయితే ఇంకాస్త జాగ్రత్త పడాలి. విదేశీ విరాళాల చట్టానికి 2020లో వచ్చిన సవరణ తర్వాత ఆ డబ్బు ఇంకో సంస్థకి బదిలీ చేయకూడదు, పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు. అదే ఏడాది మార్చిలో సుప్రీంకోర్టు ఒక మంచి మాట కూడా చెప్పింది: పార్టీ రాజకీయాలతో సంబంధం లేకుండా ప్రజా సమస్య మీద బంద్, రాస్తారోకో లాంటివి చేసినంత మాత్రాన ఒక సంస్థని రాజకీయ సంస్థ అని ముద్ర వేసి విదేశీ విరాళం ఆపకూడదని. అయినా నా సలహా ఒకటే, ఈ పనికి ఇక్కడి డబ్బే వాడండి. ఎన్నారై బావగారు డాలర్లు పంపిస్తానంటే స్కాలర్‌షిప్పులకి పెట్టించండి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం కాబట్టి సెక్షన్ నంబర్లు మారాయి, ట్రస్టుల పన్ను మినహాయింపుల కోసం మనం నోటికి నేర్చుకున్న 12ఏ, 80జీ పట్టుకుని వాదించకుండా ఆడిటర్‌తో ఒక గంట కూర్చోండి.

రెండోది, అసలు కష్టమైనది: ఏం అడగాలో తేల్చుకోవడం. "ఎండ నుంచి ప్రజలను కాపాడాలి" అని రాసి ఇస్తే ఏ ఆఫీసరైనా నవ్వి ముద్ర వేసి ఇస్తాడు, దాంతో మీకూ తృప్తి, ఆయనకీ తృప్తి. అడిగేది ఒక్క సంతకంతో అయ్యే పనిగా ఉండాలి, ఆ సంతకం ఎవరిదో మీకు తెలిసుండాలి. మేం ఒక తెల్లకాగితం మీద మూడు గళ్ళు గీశాం. కుళాయి, నీడ, మరుగుదొడ్డి కార్పొరేషన్ చేతిలో పని. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా బరువు పని ఆపించడం కార్మిక శాఖ, కలెక్టర్ చూడాల్సిన పని. వడదెబ్బ మరణానికి పరిహారం, దాని లెక్క ఎలా రాయాలన్నది రాష్ట్రం పని. మూడు గళ్ళలో మొదటిది పట్టుకున్నాం. చిన్నదే, కానీ చిన్నది గెలవకుండా పెద్దదాని జోలికి పోతే ట్రస్టీలు ఆర్నెల్లలో విసిగిపోతారు.

మూడోది, అడిగేముందు అది ఇప్పటికే చట్టంలో ఉందేమో చూడాలి. నేను లెక్కపెట్టలేదు గానీ నా అనుభవంలో సగానికి సగం అలాగే తేలతాయి. మా మూల మీద నీడ లేనివాళ్ళలో ఎక్కువమంది తోపుడు బండ్లవాళ్ళు, పూలమ్మే ఆడవాళ్ళు. వీళ్ళ కోసం 2014లోనే వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. దాని ప్రకారం ఊళ్ళో టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలి, అందులో 40 శాతానికి తగ్గకుండా వ్యాపారులు ఎన్నుకున్న వాళ్ళే ఉండాలి, వాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళు ఉండాలి, 10 శాతం స్వచ్ఛంద సంస్థలకి. అంటే మనలాంటి ట్రస్టు వెళ్ళి కూర్చోవడానికి చట్టమే కుర్చీ వేసి పెట్టింది! ఇన్నేళ్ళుగా ఆ విషయం తెలియకుండా మేం ఆ కమిటీ చూడాల్సిన మనుషులకే మజ్జిగ పోస్తున్నాం.

ఉన్నదేమిటో తెలుసుకోవడానికి ఆర్టీఐ, అంటే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు, వేయండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకి రుసుము లేదు, మండల స్థాయికి ఐదు రూపాయలు, ఆ పైన పది రూపాయలు, పోస్టల్ ఆర్డర్ పెడితే చాలు. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి, ఇవ్వకపోతే అదే ఆఫీసులో పై అధికారికి మొదటి అప్పీలు, దానికి మీకున్న గడువు ఇంకో ముప్పై రోజులు. ప్రశ్నలు "ఎందుకు చేయలేదు" అని అడగకండి, దానికి జవాబు రాదు. కాగితం అడగండి: కమిటీ వేసిన ఉత్తర్వు కాపీ, గత రెండేళ్ళ మీటింగుల మినిట్స్ కాపీ, ఫలానా పద్దు కింద మంజూరైన మొత్తం, ఖర్చైన మొత్తం. ట్రస్టు లెటర్‌హెడ్ మీద కాదు, ఒక వ్యక్తి పేరు మీద వేయండి, ఎందుకంటే ఆ హక్కు చట్టం పౌరుడికి ఇచ్చింది. మొదటిసారి మేం లెటర్‌హెడ్ మీద వేసి, అది తిరిగొచ్చి, నెల పోగొట్టుకున్నాం.

ఇప్పుడు నాలుగోది. దీని మీద కొంచెం ఎక్కువసేపు కూర్చుంటాను, ఎందుకంటే డబ్బున్నవాళ్ళం మనం తప్పు చేసేది ఇక్కడే. ఎవరి నోటితో అడగాలి? మన నోటితో కాదు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా దుకాణం మూయించిన ఆడవాళ్ళకి ఎవరో పట్నం నుంచి వచ్చి ఉపన్యాసం ఇవ్వలేదు. అక్షరాస్యత కార్యక్రమంలో రాత్రి బడికి వెళ్ళి, పాఠంలో తమ బతుకే కనబడితే, వాళ్ళే కూడి అడ్డం తిరిగారు. పాఠాలకీ పలకలకీ డబ్బు పెట్టినవాళ్ళు ఉన్నారు, కానీ మాట ఆ ఆడవాళ్ళదే. 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది. మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ శాంతా సిన్హా గారి ఆధ్వర్యంలో రంగారెడ్డి జిల్లాలో పిల్లల్ని పనుల్లోంచి బడికి తెచ్చేటప్పుడు కూడా ఊళ్ళోవాళ్ళనే ముందు పెట్టింది, బడికి వెళ్ళని ప్రతి పిల్లా బాలకార్మికురాలే అన్న మాట అక్కడ బలపడి, 2009 విద్యాహక్కు చట్టం దాకా జరిగిన చర్చలో వినబడింది. చేత్తో మలం ఎత్తే పని మీద పోరాడిన బెజవాడ విల్సన్ గారు, ఇంటిపేరు మనదే గానీ పుట్టింది కోలారు బంగారు గనుల దగ్గర, ఆయన ఆ పని చేసిన కుటుంబంలోంచే వచ్చారు. 2003లో సుప్రీంకోర్టుకి వెళ్తే 2013లో కొత్త చట్టం, 2014లో తీర్పు వచ్చాయి. పదకొండేళ్ళు. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, ట్రస్టీలు "ఇంకా ఎన్నాళ్ళండీ" అన్నప్పుడు పనికొస్తుంది.

మరి మనం చేసేదేమిటి? వాళ్ళు అడగడానికి అయ్యే ఖర్చు పెట్టుకోవడం. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికకి ఒక పూలమ్మే ఆవిడ రావాలంటే ఆ రోజు బేరం పోతుంది. మిర్చి యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసే హమాలీ వస్తే ఆ రోజు కూలి పోతుంది. తొడిమలు తీసే ఆడవాళ్ళయితే చంటిపిల్లని ఎవరి దగ్గర వదలాలో తెలియదు. పోయిన కూలి కట్టివ్వండి, ఆటో పెట్టండి, పిల్లని చూసుకునే మనిషిని పెట్టండి. దీన్ని దానం అనుకోవద్దు, మీటింగుకి వచ్చిన ఆడిటర్‌కి ఫీజు ఇచ్చినట్టే. అయితే డబ్బిచ్చి జనాన్ని తెచ్చారన్న మాట రాకుండా ముందే రేటు రాసుకోండి, రసీదు తీసుకోండి, అర్జీలో ఏం రాయాలో వాళ్ళే చెప్పాలి, మీరు చేతిరాత సాయం మాత్రమే.

ఇంకో ఇబ్బందికరమైన విషయం. మీ దాతల్లో యార్డు కమీషన్ వ్యాపారి ఉన్నాడనుకోండి, మీరు అడుగుతున్నది యార్డు హమాలీల పని గంటల గురించి అనుకోండి. అప్పుడు ఆయన ఈ విషయం మీద జరిగే మీటింగులో కూర్చోకూడదు, ఆయన డబ్బు దీనికి వాడకూడదు, మినిట్స్‌లో అది రాయాలి. ఓటు అడగకుండా, ఎవరికీ జవాబు చెప్పకుండా డబ్బున్నవాళ్ళు చట్టాలు మార్పిస్తున్నారని ఫౌండేషన్ల మీద ఉన్న విమర్శ పూర్తిగా అబద్ధం కాదు. పెద్ద ఫౌండేషన్ల సంగతి వాళ్ళు చూసుకుంటారు, మన పధ్నాలుగు మంది ట్రస్టులోనే ఇది వస్తుంది, మాకూ వచ్చింది. ఆయన నాకు వరసకి మావయ్య కూడా. కాఫీ తాగించి చెప్పాను, నెల రోజులు మాట్లాడలేదు, తర్వాత ఆ నెల చందా అన్నదానానికి రాయించుకుని మళ్ళీ వచ్చారు.

డబ్బు ఎంత? మేం మొత్తం ఖర్చులో ఆరో వంతు, ఏటా మూడు లక్షలు, మూడేళ్ళ పాటు అని రాసుకున్నాం. అందులో రెండు లక్షల పదహారు వేలు ఒక్క మనిషి జీతానికే, నెలకి పద్దెనిమిది వేలు. ఎంఏ సోషల్ వర్క్ చేసిన అమ్మాయి, ఫైళ్ళు వెతకడం, ఆఫీసుల చుట్టూ తిరగడం, మినిట్స్ చదవడం ఆమె పని. జీతం ఇవ్వకుండా "సేవ" పేరుతో చేయించుకుంటే మూడో నెల నుంచి రాదు, రాకూడదు కూడా. మిగిలినదాంట్లో కూలి పరిహారాలు, ఆటోలు, జిరాక్సులు, లాయరు సలహా. నివేదిక ప్రింటింగ్‌కి సున్నా. ఎందుకంటే మొదటి ఏడాది మేం చేసిన ఘనకార్యం అదే: బందరు రోడ్డు మీద హోటల్లో హాలు తీసుకుని, ఇంగ్లీషులో 64 పేజీల నివేదిక వేయించి, బిర్యానీ పెట్టి విడుదల చేశాం. రెండు వందల కాపీల్లో నూట యాభై ఇంకా మా స్టోర్‌రూములో కుండల పక్కన ఉన్నాయి. అదే విషయాన్ని తర్వాత తెలుగులో ఒక పేజీ కుదించి, ఒక ఫొటో, ఒక లెక్క, ఒక కోరిక పెట్టి ఇచ్చాం. దాన్ని ఆఫీసరు నిలబడే చదివాడు.

వేళ చూసుకుని వెళ్ళండి. ఏప్రిల్లో ఎండ గురించి అడిగితే మీకు పరామర్శ తప్ప ఏమీ దొరకదు, అప్పటికి బడ్జెట్ అయిపోయి ఉంటుంది. కార్పొరేషన్ బడ్జెట్ మార్చి లోపు, రాష్ట్ర బడ్జెట్ ఫిబ్రవరి, మార్చిలో. కాబట్టి వేసవి కుళాయి కోసం వినాయక చవితి అయ్యీ అవ్వగానే తిరగడం మొదలుపెట్టాలి. అక్టోబర్లో ఆర్టీఐ జవాబులు చేతిలో ఉండాలి, నవంబర్లో ఇంజినీరింగ్ విభాగం వాళ్ళతో ఆ మూల మీదికే వెళ్ళి నిలబడి చూపించాలి, డిసెంబర్లో మీ డివిజన్ సంగతి చూసేవాళ్ళని కలవాలి. నిబంధనల ముసాయిదా ఏదైనా గెజిట్‌లో వస్తే అభ్యంతరాలకి గడువు ఇస్తారు, కేంద్రం 2014లో పెట్టుకున్న విధానం ప్రకారం చట్టాల ముసాయిదాకి కనీసం ముప్పై రోజులు. ఎవరూ రాయని చోట మీ ఒక్క ఉత్తరానికి బరువుంటుంది.

పేపరువాళ్ళని చివర్లో పిలవండి. ముందే జిల్లా పేజీలో "అధికారుల నిర్లక్ష్యం" అని వేయిస్తే ఆ అధికారి గది తలుపు మీకు ఏడాది మూసుకుంటుంది. పని అయ్యాక మాత్రం ఘనత ఆయనకే ఇచ్చేయండి. రిబ్బన్ కత్తిరించే ఫొటోలో మీరు లేకపోతే మీ దాతలకి బాధగా ఉంటుంది, ఉండనివ్వండి.

దాతలకి ఏం చూపించాలి అన్నది నిజంగా టెన్షన్ పెట్టే విషయమే. మజ్జిగ అయితే గ్లాసులు లెక్కపెట్టొచ్చు. దీనికి మేం ప్రతి మూడు నెలలకీ ఒక అరపేజీ రాస్తాం: ఏ కాగితం అడిగాం, ఏది వచ్చింది, ఎవరిని కలిశాం, ఎవరు కాదన్నారు, ఎందుకు. ఓడిపోయినవి కూడా రాస్తాం. గెలిచినవి నిలవవు కూడా, అది ముందే చెప్పండి. అంత పోరాడి తెచ్చుకున్న మద్య నిషేధం 1997కల్లా సడలిపోయింది. లైబ్రరీ సెస్సు చట్టంలో ఉన్నా, వసూలైన డబ్బు గ్రంథాలయ సంస్థకి చేరేలా వెంటపడే వాళ్ళు కావాలి. అందుకే ఒక్క ఏడాది గ్రాంటు ఇచ్చి ఫలితం అడగొద్దు, మూడేళ్ళు కనీసం.

చలివేంద్రం మానేయాలా అని అడుగుతున్నారు చాలామంది. మానొద్దు. ఆ పందిరి కింద రోజుకి కొన్ని వందల మంది ఆగుతారు, వాళ్ళ మాట వినకుండా మీరు ఏ ఆఫీసుకి వెళ్ళినా చేతిలో ఏమీ ఉండదు. మేం మజ్జిగ పోసే మనిషికే ఒక నోటు పుస్తకం ఇచ్చాం, ఎవరు ఎక్కడి నుంచి నడిచి వచ్చారు, ఎక్కడ నీళ్ళు దొరకలేదన్నారో రాయమని. మా మొదటి అర్జీలోని లెక్కలన్నీ ఆ పుస్తకంలోవే.

వచ్చే ట్రస్టు మీటింగులో పెట్టడానికి తీర్మానం కావాలంటే మాది ఇలా ఉంది, పేర్లూ అంకెలూ మార్చుకుని వాడుకోండి: "మన ఆశయాలకు లోబడి, ఏ రాజకీయ పార్టీకీ అభ్యర్థికీ సంబంధం లేకుండా, వేసవిలో వీధి వ్యాపారులకు, హమాలీలకు తాగునీరు, నీడ కల్పించేలా సంబంధిత కార్యాలయాలను కోరేందుకు మూడేళ్ళ పాటు ఏటా మూడు లక్షల రూపాయలు కేటాయించడమైనది. ఈ విషయంలో సొంత వ్యాపార ప్రయోజనం ఉన్న ట్రస్టీలు చర్చలో పాల్గొనరు. మూడు నెలలకొకసారి రాతపూర్వకంగా నివేదిక ఇవ్వవలెను." కింద సంతకాలకి చోటు వదలండి, ఒప్పుకోని వాళ్ళ పేరు పక్కన ఆ మాట కూడా రాయించండి. మా పుస్తకంలో రెండు ఉన్నాయి.